విక్టోరియా కాలం డిటెక్టివ్ అమ్మాయిల నవలలు: ఏవి చదవాలి, ఎంతవరకు నమ్మాలి?

సత్యనారాయణపురం చదువరి (విజయవాడ):

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్, పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా ఎనోలా హోమ్స్ (షెర్లాక్ హోమ్స్ చెల్లెలిగా కల్పించిన పిల్ల) సినిమాలు చూసేసి ఇప్పుడు ఆ పుస్తకాలు కొనిపెట్టమని నా ప్రాణం తీస్తోంది. సరే చూద్దామని మొదటిది తెప్పిస్తే దానికంటే ముందు నేనే చదివేశాను, ఇప్పుడు పిచ్చి పట్టింది నాకు. లండన్, గుర్రబ్బళ్ళు, పొగమంచు, గ్యాసు దీపాలు, మధ్యలో ఇరవై ఏళ్ళు కూడా నిండని ఆడపిల్ల హంతకుల వెంట పడటం. ఈ రకం నవలలు ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి కానీ అట్ట చూసి ఏది మంచిదో చెప్పడం నా వల్ల కావట్లేదు, అన్నిటి మీదా వీపు చూపిస్తూ నిలబడ్డ గౌను అమ్మాయే.

ఏవి కొనాలో చెప్పండి, అది మొదటిది. అసలు డౌటు వేరే ఉంది. పెళ్ళికాని అమ్మాయి తోడు లేకుండా గడప దాటితే పేరు పోతుందని ఒక పేజీలో రాస్తారు, రెండు పేజీలు తిప్పేసరికి ఆ పిల్లే అర్ధరాత్రి రేవులో ఓడల మధ్య తిరుగుతుంటుంది, ఇంట్లో అడిగేవాడు ఉండడు. ఇందులో నిజమెంత? ఆ రోజుల్లో ఆడ డిటెక్టివులు నిజంగా ఉండేవాళ్ళా? ఇంకొకటి, ఇది కాస్త అత్యాశే, అవే సంవత్సరాల్లో మన బెజవాడలోనో గుంటూరులోనో అలాంటి పిల్ల ఉండే వీలుందా? నేను కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన బాపతు, కాబట్టి మరీ పాఠంలా చెప్పకండి ప్లీజ్.

పాత లెక్చరర్ (విజయవాడ):

పాఠంలా చెప్పకుండా ఉండటం నాకు కష్టమేనమ్మా, అయినా ప్రయత్నిస్తాను.

పోలీసుల్లో అయితే లేరు, ఒక్కరూ లేరు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు 1829లో మొదలైతే అందులో డిటెక్టివ్ శాఖ 1842లో పెట్టారు, అదీ ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ ఆరుగురు సార్జెంట్లూ. అంత మహానగరానికి ఎనిమిది మంది! 1877లో ఆ శాఖ పెద్దలే గుర్రప్పందాల మోసగాళ్ళ దగ్గర డబ్బు తిని బోనెక్కారు, ఆ పరువు నష్టం తర్వాత 1878లో మొత్తం మార్చి సి.ఐ.డి. అన్నారు. ఆడవాళ్ళ సంగతి అంటారా, స్టేషన్‌కి తెచ్చిన ఆడ ఖైదీలను తనిఖీ చేయాల్సి వస్తే ఏ కానిస్టేబుల్ భార్యనో పిలిచేవాళ్ళు. అరెస్టు చేసే అధికారం ఉన్న ఆడ పోలీసు ఇంగ్లండులో 1915లో గానీ రాలేదు, విక్టోరియా రాణి పోయిన 14 ఏళ్ళకి.

కథల్లో మాత్రం ఎప్పుడో వచ్చేసింది. 1864లోనే ఆండ్రూ ఫారెస్టర్ అనే పేరుతో ‘ది ఫిమేల్ డిటెక్టివ్’ అచ్చయింది, షెర్లాక్ హోమ్స్ అప్పటికి పుట్టలేదు, ఆయన 1887. తర్వాత 1893లో కేథరిన్ లూయీసా పిర్కిస్ అనే రచయిత్రి లవ్‌డే బ్రూక్ కథలు పత్రికలో మొదలుపెట్టింది. ఈ బ్రూక్ ముప్పై దాటిన మనిషి, పొడుగూ కాదు పొట్టీ కాదు, అందగత్తే కాదు అనాకారీ కాదు, ఫ్లీట్ స్ట్రీట్‌లో ఒక ఏజెన్సీలో జీతానికి పనిచేస్తుంది. ఎవరి కంటా ఆనకపోవడమే ఆమె పెట్టుబడి. (ఈ పిర్కిస్ గారే 1891లో కుక్కల రక్షణ సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు. సంబంధం లేదు, ఊరికే చెప్పాలనిపించింది.)

ప్రైవేటు ఏజెన్సీల్లో మాత్రం నిజంగానే ఆడవాళ్ళకి పని దొరికింది. అమెరికాలో 1856లోనే పింకర్టన్ ఏజెన్సీ కేట్ వార్న్ అనే ఆవిడని చేర్చుకుంది. ఇంగ్లండులో దారి తెరిచింది 1857 విడాకుల చట్టం. మొగుడు విడాకులు కావాలంటే భార్య తప్పు చేసిందని రుజువు చేస్తే చాలు, భార్యకి కావాలంటే వ్యభిచారంతో పాటు కొట్టాడనో వదిలేశాడనో ఇంకో నేరం కూడా చూపించాలి. ఎవరికైనా కావలసింది సాక్ష్యం: ఏ హోటల్లో, ఏ గదిలో, ఏ తేదీన. ఆ గదిలోకి అనుమానం రాకుండా వెళ్ళగలిగేది పక్క దులిపే పనిమనిషి. శతాబ్దం చివరికొచ్చేసరికి లేడీ డిటెక్టివులు ఉన్నారని ఏజెన్సీలు పేపర్లో ప్రకటనలే వేసుకునేవి.

ఇంకొక్క ముక్క. 1860లో రోడ్ హిల్ హౌస్ అనే బంగళాలో రాత్రికి రాత్రి మూడేళ్ళ పిల్లాడిని మంచం మీంచి ఎత్తుకెళ్ళి చంపేశారు. ఇంటి దొంగ పనే. లండన్ నుంచి వచ్చిన విచర్ అనే డిటెక్టివ్ చాకలి పద్దు తీసి నైట్‌గౌన్లు లెక్కపెడితే పిల్లాడి సవతి అక్క, పదహారేళ్ళ కాన్‌స్టెన్స్ కెంట్‌ది ఒకటి తగ్గింది. ఆమెను పట్టుకున్నాడు. ఊరు ఊరంతా, పత్రికలన్నీ ఆయన మీద పడ్డాయి, మామూలింటి నుంచి వచ్చిన పోలీసోడు పెద్దింటి ఆడపిల్ల లోబట్టల లెక్క తీస్తాడా అని. కేసు నిలబడలేదు, ఆయన ఉద్యోగ జీవితం దెబ్బతింది, ఐదేళ్ళకి 1865లో ఆ అమ్మాయే వచ్చి నేనే చేశానని ఒప్పుకుంది. అదే పద్దు ఒక ఆడమనిషి చేతిలో పడి ఉంటే? బట్టలుతికే ఆవిడతో పెరట్లో కాసేపు కూర్చుంటే సరిపోయేది. ఈ రకం నవలలు నిలబడేది ఈ సందు మీదే. అర్ధరాత్రి రేవులో తిరగడం మీద కాదు.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు):

సార్ చెప్పిన చరిత్ర బాగుంది గానీ ఇప్పుడొస్తున్న నవలలు ఆ సందులోంచి ఎక్కడ వెళ్తున్నాయండీ, గోడ పగలగొట్టుకుని వెళ్తున్నాయి. నేను చాలానే చదివాను కాబట్టి అంటున్నా. హీరోయిన్ పుట్టింది 1870లో, ఆలోచనలన్నీ మన ఇన్‌స్టా రీల్స్‌వి. చర్చి మీద నమ్మకం ఉండదు, పనిమనిషిని ఒసేయ్ అనదు, సామ్రాజ్యం తప్పంటుంది, పెళ్ళి వద్దంటుంది, పెళ్ళాడాలని ముగ్గురు లైన్లో ఉంటారు. కార్సెట్ (నడుం బిగించే లోదుస్తు) బిగించుకోవడానికి టైము కావాలి, ఆ జుట్టు దువ్వి కట్టడానికి ఇంకో గంట కావాలి, ఈమె కిటికీలోంచి దూకి హంతకుణ్ణి పట్టి తెల్లారేసరికి టిఫిన్ బల్ల దగ్గర ఫ్రెష్‌గా కూర్చుంటుంది. ఎనోలాలో నాకు నచ్చింది ఏంటంటే ఆ రచయిత్రి నాన్సీ స్ప్రింగర్ కనీసం కార్సెట్‌ని వాడుకుంది, అందులో డబ్బు, కత్తి దాచుకుంటుంది ఆ పిల్ల. వద్దని విసిరేసే బదులు బీరువా చేసుకుంది. అది తెలివి.

కొనమని నేను చెప్పేవి రెండే. ఫిలిప్ పుల్‌మన్ ‘ది రూబీ ఇన్ ద స్మోక్’, 1985లో వచ్చింది, కథ 1872 లండన్. సాలీ లాక్‌హార్ట్‌కి పదహారేళ్ళు, తండ్రి పోయాడు, సంగీతం కుట్లు అల్లికలు రావు, లెక్కల పుస్తకాలు చూడటం వచ్చు, తుపాకీ పేల్చడం వచ్చు. తండ్రి అలా పెంచాడు కాబట్టి అలా ఉంది, ఆకాశం నుంచి ఊడిపడలేదు. నల్లమందు వ్యాపారం ఆ నవలకి వెన్నెముక, అది ఎవరి పొలాల్లో పండిందో మనకి వేరే చెప్పక్కర్లేదు. రెండోది వై.ఎస్. లీ రాసిన ‘ది ఏజెన్సీ’ వరస. 1858, థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీలకి మందు తడిపిన తెరలు కట్టిన వేసవి. మేరీ క్విన్ అనే అమ్మాయి చిన్నప్పుడు దొంగతనానికి ఉరిశిక్ష పడి తప్పించుకున్న పిల్ల, ఆడపిల్లల బడి ముసుగులో నడిచే గూఢచారి సంస్థలో పనికి కుదురుతుంది. పనివాళ్ళని ఎవరూ మనుషులుగా చూడరు కాబట్టి వాళ్ళ ముందు అన్నీ మాట్లాడేస్తారు అన్నదే ఆ సంస్థ నడిచే సూత్రం. లెక్చరర్ సార్ చెప్పినదే.

మిగతావి ట్రైన్‌లో చదివి సీట్లో వదిలేసి దిగొచ్చు.

గవర్నర్‌పేట లాయరమ్మ (విజయవాడ):

బ్రాడీపేట తమ్ముడూ, అన్నిటినీ సీట్లో వదిలేయకు. షెర్రీ థామస్ వరస ఒకటుంది, 2016లో మొదలైంది, కథాకాలం 1886. షార్లట్ హోమ్స్ అనే అమ్మాయి పెళ్ళి తప్ప ఇంకో దారి లేని ఇంట్లోంచి బయటపడటానికి కావాలనే తన పేరు తనే చెడగొట్టుకుంటుంది, పరువు పోయాక ఇక కాపలా ఎవరికి? బతకడానికి షెర్లాక్ అనే అన్నయ్యని సృష్టించి, ఆయన జబ్బుతో పక్క గదిలో మంచాన ఉన్నాడు, మీ ప్రశ్న చెప్పండి నేను అడిగొస్తాను అంటుంది. తెలివి ఆమెది, పేరేమో అసలు లేనే లేని ఒక మగాడిది. ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను, మా వృత్తిలో ఇప్పటికీ కొందరు క్లయింట్లు నాతో మాట్లాడుతూ నా జూనియర్ కుర్రాడి మొహం చూస్తారు.

చట్టం కోణం ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ నవలల్లో హత్యలు ఎందుకు జరుగుతాయో చూడండి, మూడొంతులు ఆస్తి. పెళ్ళయిన ఇంగ్లీషు ఆడదానికి చాలాకాలం సొంత ఆస్తి అనేదే లేదు, తాళి పడగానే (వాళ్ళకి ఉంగరం) డబ్బూ నగలూ మొగుడివి. 1870లో కొంచెం సడలించారు, అప్పటినుంచి తన సంపాదన తనది. పూర్తి హక్కు 1882 చట్టంతో, 1883 జనవరి 1 నుంచి. కాబట్టి కథ 1860లో పెడితే, ఆస్తిపరురాలిని పెళ్ళిచేసుకుని పిచ్చాసుపత్రిలో పడేసే మొగుడు సరైన విలన్. 1890లో అదే కథ చెబితే కుదరదు, విలన్ వీలునామా దొంగ సంతకమో ఇంకోటో వెతుక్కోవాలి. నవల మంచిదా కాదా తేల్చడానికి నేను చూసేది ఇదే, రచయిత్రి ఆ ఏడాది చట్టం చదువుకుందా లేదా. గౌన్ల వర్ణన ఎవరైనా చేస్తారు.

ఇక ఎనోలా రెండో సినిమాలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిలు ఉన్నారు కదా, అది నిజంగా జరిగింది. 1888 వేసవి, లండన్‌లో బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీ. తెల్ల భాస్వరంతో దవడ ఎముక కుళ్ళిపోయేది. కాళ్ళు మురికిగా ఉంటే ఫైన్, మాట్లాడితే ఫైన్, పుల్లలు కింద పడితే ఫైన్. ఆ అమ్మాయిలను బయట కలిసి, ఎవరికి ఎంత జీతం, దేనికి ఎంత కోత అని ఒక్కొక్కటీ రాబట్టి జూన్‌లో పత్రికలో పేర్చి పెట్టిందొకామె. అబద్ధమని సంతకాలు పెట్టమంటే అమ్మాయిలు పెట్టలేదు. జూలైలో సుమారు 1,400 మంది పని ఆపేసి బయటికొచ్చారు, గెలిచారు. రాసినావిడ ఎవరో తెలుసా? అనీ బీసెంట్. మనం పండక్కి చీరలు బేరం చేసే బీసెంట్ రోడ్డు బీసెంటే. అప్పటికి ఆమె భర్తని వదిలి వచ్చేసిన మనిషి, కుటుంబ నియంత్రణ పుస్తకం అచ్చు వేసినందుకు 1877లో కోర్టుకి వెళ్ళింది, ఆ కారణం చూపించి 1878లో కోర్టు కూతురిని ఆమె దగ్గర్నుంచి తీసుకెళ్ళిపోయింది. ఇండియా రావడం 1893లో. విక్టోరియా కాలపు లేడీ డిటెక్టివ్ కోసం నవలల్లో వెతుకుతున్నాం గానీ అసలు మనిషి పేరు మీద రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటున్నాం.

సత్యనారాయణపురం చదువరి:

లాయరమ్మ గారూ, బీసెంట్ రోడ్డు సంగతి ఇంట్లో చెప్తే మా పిల్ల వెంటనే గూగుల్ చేసింది, పరీక్షల ముందు ఇదొకటి తగిలించాను. ఒక చిన్న సందేహం, జాక్ ద రిప్పర్ (ఆ కాలం లండన్‌లో ఆడవాళ్ళని చంపి దొరక్కుండా పోయిన హంతకుడు) మీద కూడా ఇలాంటి వరస ఉందట, పిల్ల అడుగుతోంది. పదహారేళ్ళ దానికి ఇవ్వచ్చా?

బ్రాడీపేట నాలుగో లైను:

కెర్రీ మనిస్కాల్కోది అయ్యుంటుంది. హీరోయిన్ బాబాయి దగ్గర దొంగచాటుగా శవపరీక్షలు నేర్చుకుంటుంది, కోతలు పేగులు ఎక్కువ, ప్రేమకథ ఇంకా ఎక్కువ. ఇవ్వచ్చు గానీ భోజనం ముందు వద్దు. పుల్‌మన్ ముందివ్వండి.

అరండల్‌పేట మందుల షాపు (గుంటూరు):

విషాల మాట ఎవరూ ఎత్తరేంటండీ! ఆ కాలం నవల అంటే సగం ఆర్సెనిక్కే కదా. ఎలకల మందులో అదే, ఈగల కాగితంలో అదే, ఆకుపచ్చ గోడ కాగితాల రంగులో అదే, మొహానికి రాసుకునే లోషన్లలో అదే. రుచీ వాసనా తెలియవు, వాంతులు విరేచనాలు అవుతాయి కాబట్టి డాక్టరు కలరా అని రాసి వెళ్ళిపోతాడు. 1836లో జేమ్స్ మార్ష్ కనిపెట్టిన పరీక్ష వచ్చాక శవంలో కొంచెం ఉన్నా దొరకడం మొదలైంది. 1851లో ఆర్సెనిక్ చట్టం తెచ్చారు: అమ్మినవాడు పుస్తకంలో కొన్నవాళ్ళ పేరూ ఊరూ దేనికోసమో రాసుకోవాలి, ముక్కూమొహం తెలియనివాళ్ళకి అమ్మాలంటే తెలిసినవాడు సాక్షి ఉండాలి, చిల్లరగా అమ్మే తెల్ల పొడిలో మసి గానీ నీలిమందు గానీ కలపాలి, లేకపోతే పంచదారో పిండో అనుకుని వాడేస్తారని. ఇప్పుడు మేం షెడ్యూల్ హెచ్1 మందులకి (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) రాసే రిజిస్టరుకి ముత్తాత అది. డిటెక్టివ్‌కి ఆ పుస్తకం దొరికితే చాలు సగం కేసు అయిపోయినట్టే, అందుకే తెలిసిన రచయితలు హంతకుణ్ణి షాపుకి వెళ్ళనివ్వరు, ఈగల కాగితాలు నానబెట్టిస్తారు. అది కూడా కల్పన కాదు. 1889లో లివర్‌పూల్‌లో ఫ్లారెన్స్ మేబ్రిక్ అనే ఆవిడ కాగితాలు నీళ్ళలో నానేసి ఉంచడం పనివాళ్ళు చూశారు, మొగుడు పోయాడు, మొహం కాంతి కోసం నానేశానంది. ఉరిశిక్ష వేసి, తర్వాత యావజ్జీవం చేసి 1904లో వదిలారు. నిజంగా చంపిందా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మొహానికి ఏం రాసుకుంటారో తెలిసిన ఒక్క ఆడమనిషి ఆ జ్యూరీలో లేదు, అందరూ మగాళ్ళే.

మేడం మూడో ప్రశ్నకి వస్తాను. గుంటూరులో అలాంటి మనిషి ఉండే వీలుందా అంటే, ఉందండీ, కుగ్లర్ ఆస్పత్రి ఎవరి పేరు మీద ఉందనుకున్నారు? డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకి 27 ఏళ్ళు. 1898లో ఆస్పత్రి తెరిచింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ఆస్పత్రి లేని ఆ మొదటి పదిహేనేళ్ళ సంగతి ఊహించండి, మగ డాక్టరు నాడి పట్టుకోవడానికి కూడా వీల్లేని ఘోషా గదుల్లోకి ఆమె వెళ్ళగలదు. ఆమెని కాదు గానీ, ఆమె వెనక మందుల పెట్టె మోసే తెలుగు పిల్లని డిటెక్టివ్‌గా పెట్టి రాస్తే? పిల్ల మందుల పేర్లు చదవగలదు, ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో తెలుసు, ఎవరూ ఆమె వంక చూడరు.

గవర్నర్‌పేట లాయరమ్మ:

మందుల షాపు గారూ, భలే ఉంది. కానీ క్రైస్తవ మిషన్ పిల్లయితే పెద్ద కులాల ఇళ్ళలో వసారా దాటనివ్వరు, ఘోషా గదిలోకి దొరసాని వెళ్తుంది, పెట్టె మోసే పిల్ల బయటే. నా డిటెక్టివ్ వేరే. పంతొమ్మిదేళ్ళ వితంతువు. అన్నగారింట్లో ఉంటుంది, ఒంటిపూట తిండి, వంటంతా ఆమెదే. ఎదురొస్తే అపశకునమని జనం మొహం తిప్పుకుంటారు కాబట్టి ఎవరూ ఆమెను చూడరు, అదే ఆమె మారువేషం. వంటింట్లోంచి వసారాలో జరిగే పంచాయితీలన్నీ వినపడతాయి. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో 1874లో ఆడపిల్లల బడి పెట్టారు, మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరులో రాజమండ్రిలో చేయించారు, కాబట్టి చదువొచ్చిన ఒక మేనమామ గోదావరి వైపు నుంచి తెచ్చిపెట్టిన పుస్తకాలు ఉన్నాయనుకోవచ్చు.

ఇక హత్యకి కారణం వినండి, ఇది చట్టంలోనే ఉంది. 1856 వితంతు పునర్వివాహ చట్టం అంటే అందరికీ సంస్కరణ అనే తెలుసు, దాని రెండో సెక్షన్ ఎవరూ చదవరు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తిలో ఆమెకున్న హక్కు పోతుంది, ఆమె ఆ రోజు చచ్చిపోయినట్టే లెక్క, ఆస్తి భర్త వైపు తర్వాతి వారసులకి వెళ్తుంది. అంటే సంస్కర్తల కండువా వేసుకుని, ధనవంతురాలైన పడుచు వితంతువుకి దగ్గరుండి పెళ్ళి చేయిస్తానంటున్న దాయాది ఎంత మంచివాడో ఆలోచించండి! ఊరంతా ఆయన్ని దేవుడంటుంది. ఇంకో పక్క ఆమె దత్తత తీసుకుంటే ఆ దాయాదికి ఏమీ రాదు. మన మద్రాసు వైపు వితంతువు జ్ఞాతుల ఒప్పుకోలుతో దత్తత చేసుకోవచ్చని 1868లో రామనాడు కేసులో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకి లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు) తేల్చింది. కాబట్టి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టిన ముసలి జ్ఞాతి పొద్దున్నే చచ్చిపడి ఉంటాడు. కాగితం కనపడదు.

పాత లెక్చరర్:

అమ్మా, మీరు వకాలత్ మానేసి ఇది రాయాలి.

కొన్ని వివరాలు సరిచూసుకోండి. మారుమనువు చాలా కులాల్లో మామూలే, కాబట్టి ఈ కథ బ్రాహ్మణ, వైశ్య ఇళ్ళలోనే నడుస్తుంది, అది మొదటి పేజీల్లోనే తెలియాలి. 1890 కథ అయితే గుంటూరు జిల్లా అని రాయకండి, ఆ జిల్లాని 1859లో ఎత్తేశారు, మళ్ళీ 1904లో ఇచ్చారు. మధ్యలో గుంటూరు కృష్ణా జిల్లా, కలెక్టర్ కచేరీ బందరులో. ఊళ్ళో చావు జరిగితే ముందు వచ్చేది గ్రామ మునసబు, కరణం, తలారి, తర్వాతే పోలీసు. మద్రాసు పోలీసు చట్టం 1859ది, పీనల్ కోడ్ 1860ది, సాక్ష్యాల చట్టం 1872ది, ఇవి మీకు చెప్పక్కర్లేదు. వేలిముద్రలు వాడకండి, కలకత్తాలో ఆ బ్యూరో పెట్టింది 1897లో. నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది కాబట్టి హంతకుడు సికింద్రాబాదు పారిపోగలడు, హద్దు దాటితే మద్రాసు పోలీసు చేతులు కట్టుకోవలసిందే. అది వాడుకోండి.

ఇంగ్లీషు నవలల్లో ప్రతిదానికీ ఇండియా నుంచి వచ్చిన శాపం తగిలిన వజ్రం ఒకటుంటుంది కదా, 1868లో విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ పెట్టిన ఒరవడి. కోహినూర్ పుట్టిల్లని ఎక్కువమంది నమ్మే కొల్లూరు గని ఎక్కడుందనుకున్నారు, మన పల్నాడులో కృష్ణ ఒడ్డున, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద. కాబట్టి మీ నవలలో దయచేసి వజ్రం పెట్టకండి. మనం పోగొట్టుకున్నవాళ్ళం, మనకి మిస్టరీ ఏముంది అందులో.

సత్యనారాయణపురం చదువరి:

నేను పుస్తకాల లిస్టు అడిగితే మీరు నవల రాసేస్తున్నారు! పుల్‌మన్, వై.ఎస్. లీ ఆర్డర్ పెట్టాను, షార్లట్ హోమ్స్ నాకోసం. లాయరమ్మ గారూ, ఆ ముసలాయనకి ఆర్సెనిక్ పెడతారా?

అరండల్‌పేట మందుల షాపు:

ఇక్కడ పాషాణం అంటారండీ, దానికి లండన్ చట్టం వర్తించదు, అంగట్లో అడిగితే కట్టిచ్చేవాళ్ళు. డిటెక్టివ్‌కి పుస్తకం దొరకదు, అంగడివాడి నోరే దొరకాలి.

బ్రాడీపేట నాలుగో లైను:

విషం వద్దు. వంట చేసేది మన డిటెక్టివే కదా, అన్నంలో విషం అంటే మొదట ఆమెనే పట్టుకుంటారు.

అయినా అది కూడా బాగానే ఉంటుందేమో.

కాకపోతే నా ఓటు కాలువకి. ముసలాయన్ని ఏలూరు కాలువలో తోసేసి కాళ్ళకి రాయి కట్టేశారు, పడవ మీద రాజమండ్రి వెళ్ళాడని అందరినీ నమ్మించారు. ఎండాకాలం రిపేర్లకి ఆనకట్ట దగ్గర కాలువ కట్టేస్తారు కదా, నీళ్ళు తీశాక శవం బయటపడాలి. తేదీ మాత్రం లాయరమ్మ గారు చూసుకోవాలి, దత్తత దావాకి గడువు దాటిపోకుండా.

గవర్నర్‌పేట లాయరమ్మ:

గడువు నేను చూసుకుంటా. రాయి కట్టిన తాడు ఎవరి పశువుల కొట్టంలోదో నువ్వు చూడు.